రోడ్డు మీద రాయి, కారు కింద లక్షలు

లోడుతో పోతున్న లారీ దారిలో చెడిపోతుంది. బండి జారకుండా డ్రైవరు పక్కనున్న రెండు బండరాళ్లు తెచ్చి చక్రాల కింద పెడతాడు. మెకానిక్కు వస్తాడు, పని ముగిస్తాడు, లారీ తన దారిన తాను పోతుంది. రాళ్లు మాత్రం తారు రోడ్డు మీద అలాగే మిగిలిపోతాయి. పెట్టినవానికి వాటి సంగతి గుర్తుండదు. పగటిపూట చూసినవారు పక్కకు తప్పుకుని పోతారు. చీకటి పడ్డాక వచ్చేవాని సంగతి ఎవరికీ పట్టదు.

పాత కరీంనగర్ జిల్లాలో రాజీవ్ రహదారి మొదలు మండల కేంద్రాలకు పోయే సన్న రోడ్ల వరకు ఈ రాళ్లు సామాన్య దృశ్యం. రాళ్లతో పాటు ఇంకా ఎన్నో. టార్పాలిన్ కప్పని టిప్పర్ల నుంచి రాలిన కంకర, ట్రాక్టరు ట్రాలీల నుంచి ఊడిన పిన్నులు, విరిగిన కమాను పట్టీలు, పేలిన లారీ టైర్ల రబ్బరు ముక్కలు, వడ్ల కుప్పల మీద కప్పిన పట్టాలు ఎగిరిపోకుండా పెట్టి మరిచిన బండలు. వీటి మీదుగానే ఇప్పుడు కొత్త రకం కార్లు తిరుగుతున్నాయి. గల్ఫు నుంచి వచ్చినవారు, అమెరికాలో కొడుకులున్నవారు, హైదరాబాదులో వ్యాపారాలు పెట్టుకున్నవారు పండుగకూ పెండ్లికీ ఊరికి వచ్చేటప్పుడు తెచ్చే కార్లలో హైబ్రిడ్ కార్లు ఎక్కువవుతున్నాయి. వాటి కింద తగిలిన ఒక్క దెబ్బకు షోరూము వేసే బిల్లు చూస్తే కళ్లు తిరుగుతాయి.

కారున్న ఆసామి బాధ పల్లె పత్రికకెందుకని కొందరు అనవచ్చు. ఖరీదైన కారు కొన్నవాడు బిల్లు కట్టుకోలేడా అనీ అనవచ్చు. అయితే ఆ రాయికి కారేదో, మోపెడేదో తెలియదు. కారు కింద తగిలితే బిల్లు వస్తుంది, దానికి రశీదు ఉంటుంది, ఎంత నష్టమో అంకెల్లో తేలుతుంది. అదే రాయి పాలు పోసి వచ్చే రైతు మోపెడు ముందు చక్రం కింద పడితే కాలో చెయ్యో విరుగుతుంది, లేదా ప్రాణమే పోతుంది. దానికి షోరూము లేదు, రశీదూ లేదు. పోలీసు కాగితాల మీద 'అదుపు తప్పి పడిపోయి' అన్న రెండు మాటలతో ఆ సంగతి ముగుస్తుంది. కాబట్టి కారు బిల్లు నుంచే మొదలుపెట్టడం మంచిది. రోడ్డు మీద వదిలిన రాయికి వెల ఎంతో అక్కడే కనబడుతుంది.

హైబ్రిడ్ కారు అంటే రెండు ఎద్దుల బండి వంటిది. ఒకటి పెట్రోలు ఇంజను, రెండవది కరెంటు మోటారు. ఒకసారి ఇది లాగుతుంది, ఒకసారి అది లాగుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు రెండూ కలిసి లాగుతాయి. బ్రేకు నొక్కినప్పుడు వృథాగా పోయే శక్తిని కరెంటుగా మార్చి బ్యాటరీలో దాచుకుంటుంది. మన దగ్గర ఎక్కువగా కనబడే టయోటా హైబ్రిడ్లకు ఇంట్లో ప్లగ్గు పెట్టి చార్జి చేయవలసిన పనే లేదు. 2024 డిసెంబరులో విడుదలైన కొత్త టయోటా కేమ్రీ లీటరుకు 25 కిలోమీటర్లకు పైగా ఇస్తుందని కంపెనీ లెక్క. విడుదలనాడు దాని షోరూము ధర రూ.48 లక్షలు. 2025-26 సంవత్సరానికి సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. అంటే ఆ కారు ఖరీదు రెండు వేల క్వింటాళ్ల పైచిలుకు వడ్లు. ఎకరాకు పాతిక క్వింటాళ్లు పండినా ఎనభై ఎకరాల పంట.

ఇంత ఖరీదైన కారుకూ రోడ్డుకూ మధ్య ఖాళీ జానెడు కూడా ఉండదు. ఆ ఖాళీలోనే అన్నీ వేలాడుతుంటాయి. ముందు భాగాన రేడియేటర్లు, ఇంజను ఆయిలు ఉండే చాంబరు, గేర్‌బాక్సు స్థానంలో మోటార్లు అమర్చిన పెట్టె; ఆ వెనుక సైలెన్సరు గొట్టం, బ్రేకు పైపులు, పెట్రోలు పైపులు, టాంకు. వీటికి తోడు హైబ్రిడ్ కారులో బ్యాటరీ నుంచి ముందున్న మోటారుకు కరెంటు తీసుకుపోయే నారింజ రంగు కేబుళ్లు ఉంటాయి. బ్యాటరీ కొన్నింటిలో వెనుక సీటు కింద, కొన్నింటిలో ముందు సీట్ల కింద ఉంటుంది. మన ఇండ్లలో కరెంటు 230 వోల్టులు. హైబ్రిడ్ బ్యాటరీలు చాలావరకు ఆ దరిదాపుల్లో గాని, అంతకంటె ఎక్కువలో గాని పని చేస్తాయి. మామూలు కారు బ్యాటరీ 12 వోల్టులది, చెయ్యి తగిలినా ఏమీ కాదు. ఇది అలాంటిది కాదు.

అంబాసిడర్ కార్ల కాలంలో కారు కింద దెబ్బ తగలడం పెద్ద విశేషం కాదు. చాంబరు పగిలితే వెల్డింగు పెట్టించేవారు. పెట్రోలు టాంకుకు చిల్లు పడితే బట్టల సబ్బు మెత్తగా పిసికి అదిమిపెట్టి ఆ పూటకు ఇల్లు చేరేవారు. ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే మేస్త్రీయే కారుకూ వైద్యుడు. అంబాసిడర్ తయారీ 2014లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఆగిపోయింది. దానితో పాటే సబ్బు వైద్యం కాలమూ పోయిందనుకోవచ్చు.

ఇప్పటి కార్లలో విరిగిన దానిని అతికించడం తక్కువ, మొత్తం మార్చడం ఎక్కువ. అల్యూమినియంతో పోత పోసిన చాంబరుకు రాయి బలంగా తగిలితే సొట్ట పడదు, పగులుతుంది. గాలి ఒరిపిడి తగ్గడానికి కింద పరిచిన ప్లాస్టిక్ పలకలు చిరిగి వేలాడతాయి. వాటిని తాడుతో కట్టుకుని నడిపేవారున్నారు గాని, అది ఊడి చక్రంలో పడితే మరో ప్రమాదం. నారింజ కేబులు పైతొడుగు చీరితే టేపు చుట్టి సరిపెట్టడానికి వీలులేదు, కేబుళ్ల కట్ట మొత్తం మార్చాలి. ఆ పని చేసే మెకానిక్కు ముందు బ్యాటరీ దగ్గరి సర్వీసు ప్లగ్గు పీకి, లోపల నిలిచిన కరెంటు దిగిపోయేవరకు పది నిమిషాల పాటు ఆగి, రబ్బరు తొడుగులు వేసుకుని చెయ్యి పెట్టాలి. అందుకు శిక్షణ పొందినవారు మండల కేంద్రాల్లో దొరకరు. కారును వేరే బండి మీదకు ఎక్కించి పట్నానికి పంపాలి. పోనురాను కిరాయి, విప్పి చూసినందుకు కూలి, విడిభాగాల ధర, వాటి మీద పన్ను, అన్నీ కలిసి బిల్లు లక్షలకు ఎగబాకుతుంది. దెబ్బ బ్యాటరీ దాకా పోతే ఆ లెక్క వేరు. టయోటా కంపెనీ తన హైబ్రిడ్ బ్యాటరీకి 8 సంవత్సరాలు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తోంది. కాని వారంటీ తయారీ లోపానికే. రాయి తగిలి చెడితే వారంటీ వర్తించదు.

ఇక బీమా సంగతి. 'ఇన్సూరెన్సు ఉంది కదా' అన్న ధీమా చాలామందికి ఉంటుంది. ఉన్నదేమిటో కాగితం విప్పి చూసినవారు తక్కువ. చట్టప్రకారం తప్పనిసరి అయిన థర్డ్ పార్టీ బీమా ఎదుటివాని నష్టానికే. సొంత కారుకు రాయి తగిలితే దాని నుంచి నయాపైసా రాదు. సొంత నష్టానికి కూడా కలిపి తీసుకున్న ప్యాకేజీ పాలసీ ఉంటే వస్తుంది. అదీ పూర్తిగా రాదు. మామూలు పాలసీలో రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీలకు ధరలో సగమే ఇస్తారు. తరుగుదల లేని అదనపు పాలసీ కొన్నవారికి ఈ కోత తగ్గుతుంది. ఇంజను 1500 సీసీ లోపు ఉన్న కారుకు ప్రతి క్లెయిములో రూ.1,000, అంతకు పైబడితే రూ.2,000 యజమాని భరించాలి. ఒక్కసారి క్లెయిము పెట్టుకుంటే ఐదేళ్లుగా పెరుగుతూ వచ్చిన 50 శాతం బోనసూ పోతుంది. అందుకే చిన్న దెబ్బలకు చాలామంది బీమా జోలికి పోరు, జేబులోంచే కడతారు.

అన్నిటికంటె ఎక్కువమంది మోసపోయేది మరొక చోట. చాంబరు పగిలి ఆయిలు కారిపోతుంటే డ్యాష్‌బోర్డు మీద ఆయిలు బుడ్డి బొమ్మతో ఎర్రదీపం వెలుగుతుంది. 'ఇంకెంత దూరం, మూడు కిలోమీటర్లేగా' అని నడిపితే ఇంజను బిగుసుకుపోతుంది. అప్పుడు బీమా సర్వేయరు వచ్చి, రాయి తగిలి పగిలిన చాంబరుకు ఇస్తాం, ఆ తరువాత నడిపినందువల్ల పోయిన ఇంజనుకు ఇవ్వం అంటాడు. పాలసీ షరతుల్లో ఆ మాట ఉంటుంది. ఇంజనుకు ప్రత్యేకంగా అదనపు పాలసీ ఉంటే తప్ప వాదించి లాభం లేదు. పది వేలతో పోయేది లక్షలకు పెరిగేది ఆ మూడు కిలోమీటర్లలోనే. ఎర్రదీపం వెలిగిన చోటనే కారు పక్కకు తీసి ఆపి, ఇంజను బందు చేసి, నాలుగు ఫోటోలు తీసి బీమా కంపెనీకి ఫోను చేయడం ఒక్కటే మార్గం. రాయి కూడా ఫోటోలో పడాలి.

అలా ఆగిన కారుకు సాయం పట్టడం మన పల్లెల్లో మంచి అలవాటు. పొలం నుంచి ట్రాక్టరు వస్తుంది, తాడు వస్తుంది, 'ఏం కాదన్నా, లాగి పడేస్తం' అంటూ నలుగురు పోగవుతారు. మనసు మంచిదే గాని, హైబ్రిడ్ కారు విషయంలో ఈ సాయం నష్టం తెస్తుంది. ముందు చక్రాలతో నడిచే హైబ్రిడ్ కారును ఆ చక్రాలు నేల మీద తిరిగేలా దూరం లాగితే లోపలి మోటారు తిరిగి కరెంటు పుట్టిస్తుంది, లోపలి భాగాలు కాలిపోవచ్చు. ముందు చక్రాలు పైకి లేపి గాని, నాలుగు చక్రాలూ బండి మీదకు ఎక్కించి గాని తీసుకుపోవాలి. రోడ్డు మధ్య నుంచి పక్కకు జరపడం వరకు మెల్లగా చేయవచ్చు. ఇంకొక మాట. ఇంజను చప్పుడు లేదని కారు ఆగి ఉందనుకోరాదు. హైబ్రిడ్ కారు చప్పుడు లేకుండానే కదలడానికి సిద్ధంగా ఉంటుంది. దాని కిందకు దూరి చూసేముందు డ్రైవరు చేత పూర్తిగా బందు చేయించాలి. నారింజ రంగు తీగ కనబడితే చేయి పెట్టరాదు. ట్రాక్టర్లు బాగుచేసే కుర్రవాళ్లకు ఈ సంగతి ఎవరైనా చెప్పాలి. ఐటీఐలలో చెప్పడానికి అభ్యంతరమేముంటుంది?

రోడ్డు మీద పడిన వస్తువుల బెడద మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో వాహన యజమానుల సంఘానికి చెందిన ట్రాఫిక్ భద్రతా ఫౌండేషన్ 2016లో ఒక అధ్యయనం వెలువరించింది. 2011 నుంచి 2014 వరకు నాలుగేళ్లలో రోడ్డు మీద పడిన వస్తువుల వల్ల అక్కడ రెండు లక్షలకు పైగా ప్రమాదాలు జరిగాయనీ, సుమారు 39,000 మంది గాయపడ్డారనీ, 500 మందికి పైగా చనిపోయారనీ అందులో తేలింది. వాటిలో దాదాపు మూడింట రెండు వంతులకు కారణం సరిగా కట్టని లోడు, సరిగా చూసుకోని బండి నుంచి ఊడిపడిన భాగాలు. 2013 అక్టోబరు 1న ఆ దేశంలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, కెంట్ పట్టణం దగ్గర, పెద్ద లారీ నుంచి ఊడిపడిన వంపు తిరిగిన ఇనుప ముక్క ఒక టెస్లా కారు కింద గుచ్చుకుంది. అది పూర్తిగా బ్యాటరీతో నడిచే కారు. పావు అంగుళం మందం గల కింది కవచపు రేకును ఆ ముక్క చీల్చి మూడంగుళాల రంధ్రం చేసింది. బ్యాటరీ అంటుకుని కారు ముందుభాగం కాలిపోయింది. కారు ముందుగానే హెచ్చరించడంతో నడుపుతున్న మనిషి దిగి క్షేమంగా బయటపడ్డాడు. మరుసటి నెలలో టెనెసీ రాష్ట్రంలో మరో టెస్లా ట్రాలీ కొక్కెం మీదుగా పోయి అలాగే తగలబడింది. 2014 మార్చిలో కంపెనీ తన కార్ల కింద టైటానియం కవచం, అల్యూమినియం పలకలు అమర్చడం మొదలుపెట్టింది. కార్ల కంపెనీ తన వంతు జాగ్రత్త తాను తీసుకుంది. లోడు సరిగా కట్టే పని మాత్రం లారీవాడిదే.

మన దగ్గర కవచం సంగతి అటుంచి, రోడ్డే కళ్లంగా మారుతోంది. దీనికి రైతును తిట్టిపోయడం సులువు. పట్నం నుంచి కారులో వచ్చినవారు తిట్టేదీ అదే. కాని అసలు కారణం వేరే ఉంది. చేతితో కోసిన రోజుల్లో పంట మెద మీద ఆరేది, కుప్ప పెట్టేవారు, నిదానంగా కొట్టేవారు. గింజ ఇంటికి వచ్చేసరికి ఆరిపోయేది. ఇప్పుడు హార్వెస్టరు వచ్చి ఒక్క పూటలో మడంతా కోసి పచ్చి వడ్లు ట్రాలీలో పోస్తుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించరాదు. మించితే కాంటా పెట్టరు, పెట్టినా కోత పెడతారు. పచ్చి వడ్లు కుప్పగా ఉంచితే రెండు రోజుల్లో మొలకెత్తుతాయి. వానాకాలం పంటకు మబ్బుల భయం, యాసంగి పంటకు అకాల వానల భయం. ఇంటి ముందు అంత జాగా ఉండదు. ఎండకు కాలే నల్లని తారు రోడ్డు ఎదుటనే ఉంది. మరి రైతు ఎక్కడ ఆరబోయాలి?

ఈ ప్రశ్నకు జవాబు దొరకకపోలేదు. 2020లో తెలంగాణ ప్రభుత్వం ఉపాధి హామీ నిధులతో రైతుల పొలాల్లో సిమెంటు కళ్లాలు కట్టించే పని తలపెట్టింది. కట్టినవి కొన్ని, ఆగినవి కొన్ని. 2022 డిసెంబరు నాటికి, ఆ పథకం నిబంధనల్లో కళ్లాలు లేవనీ, ఖర్చు పెట్టిన రూ.151 కోట్లు తిరిగి కట్టాలనీ కేంద్రం అడిగింది. రాష్ట్రంలో అప్పటి అధికార పక్షం ధర్నాలు చేసింది. మత్స్యకారులు చేపలు ఆరబెట్టుకోవడానికి వేదికలు కడితే ఒప్పు, రైతు వడ్లు ఆరబోసుకోవడానికి కడితే తప్పా అన్న వాదన ఆ రోజుల్లో గట్టిగా వినిపించింది. ఢిల్లీ, హైదరాబాదు వాదించుకున్నాయి. రైతు మాత్రం వడ్లు రోడ్డు మీదనే పోశాడు.

ఆరబోసినంతవరకు ఒకపక్కనైనా దారి విడిచిపెట్టడం, రాత్రిపూట కుప్ప చుట్టూ ఏదో ఒక గుర్తు పెట్టడం రైతు చేయగల పనులు. నల్లని రోడ్డు మీద నల్లని పట్టా కప్పితే మోపెడు దీపపు వెలుగులో అది కనబడదు. పట్టా అంచుల మీద పెట్టిన బండలు అసలే కనబడవు. కుప్పలకు గుద్దుకుని మనుషులు చనిపోయిన వార్తలు ఏటా కోతల కాలంలో వస్తూనే ఉన్నాయి. బండకు బదులు ఇసుక నింపిన సంచులు పెడితే కారుకు నష్టం లేదు, మనిషికి నష్టం తక్కువ. ఇందుకయ్యే ఖర్చు పాత యూరియా సంచులు మాత్రమే. వడ్లు ఎత్తిన రోజున సంచులు ఎలాగూ ఇంటికి తీసుకుపోతారు. బండలనైతే వదిలేస్తారు.

కంది కట్టె, పెసర తీగ, ఉలవ తీగ రోడ్డు మీద పరిచి, వచ్చేపోయే బండ్ల చేత నూర్పించుకునే అలవాటు ఇంకొక గొడవ. ఎండిన తీగ కారు కింద ఇరుసుకు, సైలెన్సరుకు చుట్టుకుంటుంది. సైలెన్సరు గొట్టంలో పొగను శుభ్రపరిచే పెట్టె వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. ఎండుగడ్డి అంటుకోవడానికి ఆ వేడి చాలు. తీగ మీదుగా పోయిన తరువాత మాడిన వాసన వస్తే ఆగి కిందకు వంగి చూడవలసిందే. పెట్రోలు పైపులూ, కరెంటు కేబుళ్లూ పక్కపక్కన ఉన్న కార్లలో ఆ జాగ్రత్త మరీ అవసరం. ఈ అలవాటుకు మాత్రం వడ్ల విషయంలో చెప్పిన సాకులు వర్తించవు. నూర్పిడికి మరపట్లు ఊరూరా వచ్చాయి.

రైతును అర్థం చేసుకున్నంత తేలికగా క్వారీలవారిని, టిప్పర్ల యజమానులను అర్థం చేసుకోవడం కష్టం. కరీంనగర్ గ్రానైటు కాకినాడ రేవు దాటి విదేశాలకు పోతుంది. టన్నుల బరువున్న దిమ్మెలు రెండు గొలుసుల మీద ఆధారపడి రైల్వే యార్డుకు చేరుతాయి. కంకర టిప్పర్లు అంచు దాటి గుట్టగా పోసుకుని, మీద పట్టా లేకుండా, గుంత వచ్చినచోటల్లా నాలుగు గంపల కంకర దానం చేసుకుంటూ పోతాయి. అవి ఎక్కువ ట్రిప్పులు, ఎక్కువ లోడు అన్న లెక్క మీద తిరిగే బండ్లు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పరిమితికి మించి లోడు వేస్తే రూ.20,000 జరిమానా, పైపెచ్చు అదనపు టన్నుకు రూ.2,000 చొప్పున వడ్డింపు, అదనపు లోడు దింపే ఖర్చు వేరు. లోడు బండి అంచులు దాటి బయటికి పొడుచుకు వస్తే అదీ రూ.20,000. చట్టంలో ఉన్నంత గట్టిదనం చెక్‌పోస్టు దగ్గర ఎందుకు కనబడదో రవాణా శాఖ చెప్పాలి.

దారికి అడ్డంగా వస్తువులు పడేసినవారికి పాత శిక్షాస్మృతిలో గరిష్ఠ జరిమానా రూ.200. బ్రిటిషువాని కాలం నాటి ఆ అంకె 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చేదాకా మారలేదు. కొత్త చట్టంలో 285వ సెక్షను కింద అది రూ.5,000 దాకా పెరిగింది. ఎంత పెరిగినా పట్టుకుంటేనే కదా. లారీ నుంచి రాయి పడుతుండగా వెనుక ఉన్నవారు నంబరు రాసుకుంటే దారి ఉంది. ఆ లారీ థర్డ్ పార్టీ బీమా నుంచి ఆస్తినష్టం కోరుతూ మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు పోవచ్చు. కారులో ముందు కెమెరా బిగించుకున్నవారికి ఈ విషయంలో సాక్ష్యం సులువు. నిన్నటి నుంచి రోడ్డు మీద పడి ఉన్న రాయికి మాత్రం నంబరు ప్లేటు ఉండదు. అది ఎవరి మీద కేసు పెడుతుంది, ఎవరిని పట్టిస్తుంది?

రోడ్డు వేసినవారిని అడుగుదామంటే, సవరించిన చట్టంలోని 198ఏ సెక్షను ఒక అవకాశం ఇచ్చినట్టే ఇచ్చింది. నిర్వహణ ప్రమాణాలు పాటించని కాంట్రాక్టరుకు, అధికారికి లక్ష రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. అయితే అందువల్ల మనిషి చనిపోవాలి, లేదా అంగవైకల్యం కలగాలి. చాంబరు పగిలితే ఆ సెక్షనుకు చెవి వినబడదు. జగిత్యాల నుంచి కరీంనగర్ మీదుగా వరంగల్ పోయేది 563వ నంబరు జాతీయ రహదారి. దాని మీద రాయి కనబడితే 1033కు ఫోను చేయవచ్చు. రాజీవ్ రహదారి రాష్ట్ర రహదారి కనుక ఆ నంబరు దానికి పనికిరాదు. టోలు వసూలు చేసే సంస్థను అడగాలి, లేదా 112కు చెప్పుకోవాలి. జిల్లా రోడ్డయితే రోడ్లు భవనాల శాఖ, ఊరి రోడ్డయితే పంచాయతీరాజ్ శాఖ. నడిరాత్రి రాయి చూసిన రైతు అది ఏ శాఖ రాయో తేల్చుకుని ఫోను చేయాలంటే అయ్యే పని కాదు. అన్ని రోడ్లకూ కలిపి జిల్లాకు ఒకే నంబరు పెట్టి, బస్టాండ్ల గోడల మీద, పెట్రోలు బంకుల దగ్గర రాయించడం పెద్ద ఖర్చు కాదు. ఆర్టీసీ డ్రైవర్లకు ఆ నంబరు ఇస్తే చాలు. రోజూ ఒకే దారిలో పోయేవారు, ఏ మలుపులో ఏ రాయి ఉందో వారికి తెలిసినంతగా ఇంజినీర్లకు తెలియదు.

టోలు కట్టించుకునే రోడ్ల మీద గస్తీ బండి తిరగవలసి ఉంది. అది ఎన్ని గంటలకొకసారి తిరుగుతుందో, రాత్రి తిరుగుతుందో లేదో టోలు గేటు దగ్గర బోర్డు మీద రాసిపెట్టమని అడిగే హక్కు టోలు కట్టేవారికి ఉండాలి. లారీ యజమానుల సంఘాలు తమ డ్రైవర్ల చేతికి కొయ్య గానీ రబ్బరు గానీ దిమ్మెలు రెండేసి ఇచ్చి పంపితే, చక్రం కింద పెట్టడానికి బండరాయి వెతుక్కునే పని ఉండదు. దిమ్మెకు తాడు కట్టి లారీకి ముడివేస్తే మరిచిపోవడమూ ఉండదు. జిల్లా రవాణా అధికారి ఫిట్‌నెసు పరీక్షలో స్టెప్నీ, జాకీ ఉన్నాయో లేదో చూస్తున్నప్పుడే వీటినీ చూడవచ్చు.

యాసంగి కోతలకు ముందు ప్రతి ఏడూ కలెక్టరేట్లో కొనుగోళ్ల మీద సమావేశం జరుగుతుంది. సంచులు, కాంటాలు, లారీలు, తేమ మీటర్లు అన్నీ అక్కడ లెక్కకు వస్తాయి. రోడ్డు మాత్రం రాదు. ఏ ఊళ్లో వడ్లు ఏ రోడ్డు మీద పోస్తారో ఆ సమావేశంలో కూర్చున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఆ రోడ్ల జాబితా ముందుగా తయారుచేసి, బడి ఆవరణలు, ఊరి ఖాళీ జాగాలు, మార్కెట్ యార్డుల గచ్చులు కోతల నెలన్నర కాలం రైతులకు విడిచిపెట్టాలి. మిగిలిన చోట్ల, ఐకేపీ, సహకార సంఘాల కేంద్రాల నుంచి చివరి బస్తా లారీ ఎక్కిన సాయంత్రమే ఆ రోడ్డు మీద మిగిలిన బండలను తీయించే బాధ్యత ఫలానా పంచాయతీ కార్యదర్శిదని ఊరి పేరు, మనిషి పేరు రాసి కలెక్టరు ఉత్తర్వు ఇవ్వాలి.